తెలుగుతల్లి దత్తపుత్రుడు – చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

మాతృభాష తల్లిపాల వంటిదని పెద్దలు చెబుతారు. ఆ పాలు త్రాగి పెరిగినవారికి భాషపై మమకారం సహజం. అయితే ఎక్కడో పరాయి కుటుంబంలో పుట్టి, పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత మన అక్షరాలు మొదటిసారి దిద్ది, జీవితమంతా ఆ భాషకే ధారపోసి, వృద్ధాప్యంలో సముద్రాలకు ఆవల కూడా తెలుగు పాఠం చెప్పిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మన పాఠశాల డెబ్బై అయిదు వసంతాలు పూర్తి చేసుకొన్న ఈ శుభతరుణంలో ఆ మహనీయుని జీవితాన్ని మన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు గుర్తు చేయడం ఉచితమని భావిస్తున్నాను. తమిళనాట తెలుగు చదువుకొనే మనకు ఆయన కథతో దగ్గరి చుట్టరికం ఉంది. అది ఎట్టిదో ముందు ముందు తెలుస్తుంది.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతగురువు, బహుభాషావేత్త. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పిన ఫోర్ట్ విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించినవారు. కుమారునికి ఆయనే తొలి గురువు. హీబ్రూ, అరబిక్, పారశీకం, హిందూస్తానీ వంటి భాషల పరిచయం బ్రౌన్‌కు ఇంటిలోనే కలిగింది. 1812లో తండ్రి మరణించారు. అప్పటికి బాలునికి పదమూడేళ్ళు. కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ కంపెనీ ఉద్యోగులను తయారు చేసే హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసు రేవులో దిగారు.

ఆనాడు మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఉండేది. కొత్తగా వచ్చిన యువ ఉద్యోగులు అక్కడ దక్షిణదేశ భాషలు నేర్చి పరీక్షలో నెగ్గితేనే జిల్లాలకు వెళ్ళే అర్హత లభించేది. బ్రౌన్ తెలుగును ఎంచుకొన్నారు. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు నేర్పిన గురువు. ఇచ్చట ఒక విషయం గమనించండి. తెలుగు భాషకు అంతటి సేవ చేసిన ఆ మనిషి తొలి అక్షరం దిద్దినది చెన్నపట్టణంలో. అంటే తమిళ గడ్డమీదనే.

1820లో సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చారు. ప్రజల భాష రాని అధికారి ప్రజల కష్టం తెలుసుకోలేడనే భావాన్ని ఆయన ఆ కళాశాలలోని యువకుల మనస్సుల్లో నాటారు. ఆ మాటలు బ్రౌన్‌పై చెరగని ముద్ర వేశాయి. ఈ మన్రో మనకు కొత్తవారు కారు. 1792లో శ్రీరంగపట్నం సంధి ద్వారా మన బారామహల్ ప్రాంతం కంపెనీ చేతికి వచ్చినప్పుడు, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద సహాయకుడుగా ఏడేళ్ళపాటు ఈ పల్లెలన్నీ తిరిగి, రైతుల మడులు కొలిపించి, శిస్తు లెక్కలు కట్టినది ఆయనే. ధర్మపురి ఆయనకు చిరకాలం నివాసస్థానం. ఆ తరువాత కడప, బళ్ళారి ప్రాంతాలతో కూడిన దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్ళారు. రైతుతో దుబాసీ లేకుండా మాట్లాడవలసిన అవసరాన్ని ఆయన అనుభవపూర్వకంగా తెలుసుకొన్నది మొదట మన సీమలోనే. ఆ పాఠం ఆయన నుండి బ్రౌన్‌కు అందింది.

1820లోనే బ్రౌన్ కడప కలెక్టరుకు సహాయకుడుగా నియమితులయ్యారు. అక్కడి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. కచేరీలో పై అధికారి రైతులతో తెలుగులో సంభాషించడం చూసిన యువకునికి తన తెలుగు ఎంత కొద్దిపాటిదో అర్థమయింది. పుస్తకంలో నేర్చిన భాష వేరు, జనం నోట వినే భాష వేరు. ఈ రెండింటినీ ఒకచోట చేర్చాలన్న కోరిక ఆయనలో అక్కడ మొలకెత్తింది.

1822లో మచిలీపట్నానికి బదిలీ అయింది. అక్కడ ఉండగా 1824 ప్రాంతంలో ఆయన చేతికి ఒక ఫ్రెంచి మతగురువు వ్రాసిన గ్రంథం వచ్చింది. దక్షిణదేశ ప్రజల ఆచారాలను వివరించిన ఆ రచయిత అబ్బే దుబోయ్. అందులో వేమన ప్రస్తావన ఉంది. ఒక విదేశీయుని దృష్టికి వచ్చిన కవిని గూర్చి అడిగితే, చుట్టూ ఉన్న పండితులలో అనేకులు ఆసక్తి చూపలేదు. వేమన పద్యాలు పల్లె జనుల నోళ్ళలో ఉన్నాయి గాని పండిత సభలలో లేవు. బ్రౌన్ ఊరూరా మనుషులను పంపి తాళపత్ర ప్రతులు తెప్పించారు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరొక ప్రతిలో మరొక విధంగా ఉండేది. వాటిని ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చి, అనువైన పాఠాన్ని నిర్ణయించి, ఆంగ్లంలోకి అనువదించి, 1829లో 693 పద్యాలను అచ్చు వేయించారు. 1839లో వచ్చిన రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. ఈనాడు మన ఒకటవ తరగతి పాప చేతులు కట్టుకొని వేమన పద్యం అప్పజెబుతున్నదంటే, దాని వెనుక ఆ తాళపత్రాల వేట ఉన్నదని గుర్తుంచుకోవాలి.

మధ్యలో రాజమహేంద్రవరంలో కొంతకాలం పనిచేసి, 1826లో బ్రౌన్ తిరిగి కడప చేరారు. అక్కడ ఒక బంగళా కొని, దానిలో తన కలకు రూపం ఇచ్చారు. ఆ కల ప్రభుత్వం అప్పగించిన పని కాదు. పగలు న్యాయస్థానంలోను, కచేరీలోను ఉద్యోగం. మిగిలిన వేళలన్నీ గ్రంథాలకు. తన సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను నియమించారు. తోటలోని ఆ బంగళా ఒక విద్యాపీఠమయింది. జనం దానిని బ్రౌన్ కాలేజి అని పిలుచుకొన్నారు. జీతం చాలనప్పుడు ఆయన అప్పులు చేశారు. వివాహం చేసుకోలేదు. వచ్చిన రాబడిలో చాల భాగం తాటాకులకు, కాగితాలకు, పండితుల వేతనాలకు పోయింది.

ఆ బంగళాలో జరిగిన పని తీరును ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ముందుగా ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు సేకరించేవారు. లేఖకులు వాటిని కాగితంపైకి ఎక్కించేవారు. పండితులు అక్షరం అక్షరం సరిచూచి, లేఖకుల తప్పులు దిద్ది, శుద్ధప్రతి సిద్ధం చేసేవారు. తరువాత కఠినమైన పద్యాలకు వ్యాఖ్యానం వ్రాసేవారు. ఆ శుద్ధప్రతుల నుండి పదాలను ఏరి, అకారాది క్రమంలో పేర్చి, ఏ పదం ఏ గ్రంథంలో ఏ అర్థంలో వచ్చినదో గుర్తించేవారు. నిఘంటువుకు పునాది ఇదే. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు ఈ మహాయజ్ఞంలో పాలుపంచుకొన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులకు మేనేజరుగా వ్యవహరించారు. బ్రౌన్ పేరు తలచినప్పుడు ఈ పేర్లు కూడా తలచుకోవడం మన ధర్మం. వారి పాండిత్యం లేనిదే దొర ఉత్సాహం ఒక్కటీ ఫలించేది కాదు; దొర పట్టుదల లేనిదే వారి పాండిత్యానికి అచ్చుయంత్రపు మొగం చూసే యోగం అప్పట్లో కలిగేది కాదు.

ఇంతటి పనిలో మునిగి ఉన్నా, బ్రౌన్ పసిపిల్లల చదువును మరువలేదు. కడపలోను, మచిలీపట్నంలోను ఆయన ఉచిత పాఠశాలలు నడిపారు. తెలుగు, హిందూస్తానీ చదువులు అక్కడ చెప్పించారు. తెలుగు ఛందస్సుపై ఆయన రచించిన గ్రంథం 1827లో వెలువడింది. యతిప్రాసలు, గణాలు విదేశీయులకు బోధపడేటట్లు వివరించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి.

కష్టాలు రాకపోలేదు. 1832, 1833 సంవత్సరాలలో గుంటూరు మండలాన్ని ఘోరమైన కరువు పీడించింది. ప్రజలు దానిని డొక్కల కరువు అని పిలిచారు. అక్కడ పనిచేసిన బ్రౌన్ ఆ దుస్థితిని కొరతగా గాక కరువుగానే పై అధికారులకు వ్రాశారు. పాలకులకు రుచించని మాటనైనా దాని అసలు పేరుతో పిలవడం, పదాల బరువు తెలిసినవారికి సహజమే గదా! ఆ పిదప ఉద్యోగానికి దూరమై, ఆయన సుమారు మూడేళ్ళు ఇంగ్లండులో గడపవలసి వచ్చింది.

మరొకరైతే ఆ మూడేళ్ళు విశ్రాంతి తీసుకొనేవారు. బ్రౌన్ లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో అడుగుపెట్టారు. అక్కడ దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు చదివేవారు లేక దుమ్ముపట్టి ఉన్నాయి. సంస్కృత విద్వాంసుడు హోరేస్ హేమన్ విల్సన్ సహకారంతో 2106 ప్రతులను మద్రాసుకు తిరిగి పంపే ఏర్పాటు జరిగింది. మన దేశపు గ్రంథాలు ఓడలెక్కి వెళ్ళడం ఆ కాలంలో నిత్యకృత్యం. వెళ్ళిన గ్రంథాలను తిరిగి రప్పించడం మాత్రం అరుదైన సంగతి.

1838 నాటికి బ్రౌన్ మద్రాసులో పారశీక భాషానువాదకుడుగా తిరిగి కొలువులో చేరారు. తరువాత ప్రభుత్వ తెలుగు అనువాదకుడుగాను, పోస్టు మాస్టరు జనరల్‌గాను పనిచేశారు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. అది ఆంగ్లం తెలిసినవారికి తెలుగు నేర్పడానికి ఉద్దేశించినది. తెలుగు బోధించే ప్రతి ఒక్కరూ మెచ్చదగిన ఒక సూక్ష్మం ఆయన రచనల్లో ఉంది. మన చకారానికి రెండు ఉచ్చారణలున్నాయి. చీమలోని చకారం వేరు, చాపలోని చకారం వేరు. జకారానికీ అంతే. తెలుగువారికి ఈ తేడా నోటికి తెలుసు గాని కంటికి కనబడదు. పరాయివానికి నోటికీ తెలియదు. అందుకని బ్రౌన్ అక్షరంపై ఒక గుర్తు ఉంచి ఆ తేడాను చూపారు. నేర్చుకొనేవాడు ఎచ్చట తడబడతాడో కనిపెట్టడమే బోధన అని మా శిక్షణ కళాశాలలో చెప్పేవారు. బ్రౌన్ తాను తడబడిన చోటనే ఇతరులకు దీపం పెట్టారు.

1852 నుండి 1854 వరకు ఆయన నిఘంటువులు మద్రాసులో అచ్చయ్యాయి. తెలుగు పదాలకు ఆంగ్లార్థాలు చెప్పేది ఒకటి, ఆంగ్ల పదాలకు తెలుగు అర్థాలు చెప్పేది ఒకటి, మూడవది మిశ్రభాషా నిఘంటువు. తొలి అక్షరం దిద్దిన నాటికీ, నిఘంటువు చేతికి వచ్చిన నాటికీ మధ్య ముప్పది అయిదేళ్ళు గడిచాయి. ఇరవై ఏళ్ళ యువకుని కల యాభై దాటిన మనిషి చేతిలో పండింది. కావ్యాలలోని పదాలనే గాక, సంతలో, పొలంలో, వంటింట్లో, కచేరీలో వినబడే పదాలను కూడా ఆయన నిఘంటువులో చేర్చారు. గ్రాంథికం కానిది భాషే కాదన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో ఇది సాహసం.

మూడవదైన మిశ్రభాషా నిఘంటువు గూర్చి మన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. అరబిక్, పారశీక, హిందూస్తానీ, ఆంగ్ల భాషల నుండి వచ్చి తెలుగు వాడుకలో కలిసిపోయిన మాటలకు ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే కేటాయించారు. మన పాపిరెడ్డిపట్టిలో, చుట్టుపట్ల పల్లెల్లో మాట్లాడే తెలుగులో తమిళం కలిసి ఉంటుంది. కొందరు దానికి సిగ్గుపడతారు. విజయవాడ బంధువుల ముందు పిల్లవాడు నోరు విప్పడానికి జంకుతాడు. బ్రౌన్ బ్రతికి ఉండి ఈ ఊరికి వస్తే, ఆ పిల్లవాని ముందు కూర్చుండి కాగితం, కలం తీసి అతని మాటలు వ్రాసుకొనేవారని నాకు గట్టి నమ్మకం.

అనారోగ్యం వల్ల 1854లో ఉద్యోగం నుండి విరమించి, 1855లో బ్రౌన్ ఇండియా వదిలారు. అంతకు ముందే తన సేకరణలోని రెండు వేలకు పైబడిన వ్రాతప్రతులను మద్రాసులోని సాహిత్య సంఘానికి అప్పగించారు. కాలక్రమాన అవి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం చేరాయి. ఈనాటికీ అవి చెన్నైలోనే పదిలంగా ఉన్నాయి. తెలుగు పరిశోధకులు తమ ప్రాచీన గ్రంథాల కోసం తమిళనాటి రాజధానికి రావలసి ఉండటం బ్రౌన్ కథలో మరొక విశేషం.

లండనులో ఆయన జీవితపు చివరి ఘట్టం మొదలయింది. 1855 నుండి కంపెనీ ఉద్యోగాలకు పోటీ పరీక్షలు ప్రారంభమయ్యాయి. మూడేళ్ళకు హెయిలీబరీ కళాశాల మూతపడింది. మద్రాసు రాజధానికి ఎంపికైన యువకులు ఓడ ఎక్కకమునుపే దేశభాష కొంత నేర్వవలసి ఉండేది. అట్టి కాలంలో, 1865లో, లండన్ విశ్వవిద్యాలయంలో బ్రౌన్ తెలుగు ఆచార్యులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు దాటింది. ఇల్లు, ఉద్యోగ విరమణ వేతనం, విశ్రాంతి అన్నీ అందుబాటులో ఉన్న వయస్సులో ఆయన మళ్ళీ అ, ఆ లు దిద్దించడానికి పూనుకొన్నారు.

విదేశంలో భాష నేర్పడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడ మన పిల్లలకు చెరువు అంటే కిటికీలోంచి చూపవచ్చు. ఆవకాయ అంటే నోరూరుతుంది. పెద్దమ్మకూ పిన్నికీ తేడా చెప్పనక్కరలేదు. లండను మంచులో కూర్చున్న ఆంగ్లేయ యువకునికి వీటిలో ఏదీ కంటికి కనబడదు. మేనమామ, మేనత్త, బావ, మరది అనే వరుసలు అతని భాషలోనే లేవు. వీధిలో తెలుగు మాట వినబడదు. అట్టి చోట గురువుకు మూడే ఆధారాలు: వ్యాకరణం, నిఘంటువు, వాచకం. ఆ మూడింటినీ బ్రౌన్ తానే ముందుగా సిద్ధపరచి ఉంచారు. కడప బంగళాలో పండితులు దిద్దిన పదం, చెన్నపట్టణంలో అచ్చయి, లండను తరగతి గదిలో పాఠమయింది. ఈనాడు అమెరికాలోను, ఇంగ్లండులోను, ఇతర దేశాలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమ పిల్లలకు వారాంతపు తరగతుల్లో తెలుగు నేర్పుతున్నాయి. ఆ త్రోవలో నూటయాభై ఏళ్ళకు పూర్వమే నడిచినవారు బ్రౌన్.

ఇంత చేసినా ఆయనను దేవునిగా పూజించనక్కరలేదు. ఆయన పరాయి పాలనకు ఉద్యోగి. ఆ పాలన భాషలు నేర్చినది తన అవసరం కోసమే. మన పండితులపై ఆయన తీర్పులు కొన్ని కటువైనవి. మన కావ్యాలపై ఆయన అభిప్రాయాలన్నీ నేడు ఒప్పదగినవి కావు. ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలి. అయితే అవసరం తీరిన తరువాత కూడా మిగిలి ఉన్నదే ప్రేమ. ఉద్యోగం పోయినప్పుడు, ఓడ ఎక్కి వెళ్ళిపోయిన తరువాత, ఎవరూ అడగని వయస్సులో ఆయన తెలుగును వదలలేదు.

1866లో తన సాహిత్య జీవితాన్ని గూర్చి తానే ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. 1884 డిసెంబరు 12న, ఎనభై ఆరేళ్ళ వయస్సులో లండనులో కన్నుమూశారు. అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఆయన నిఘంటువు మాత్రం జీవించే ఉంది. 1903లో కందుకూరి వీరేశలింగం పంతులు ప్రభృతులు దానిని పరిష్కరించి తిరిగి ప్రకటించారు. చాలకాలం మరుగున పడిన ఆయన లేఖలను బంగోరె గారు 1970లలో వెలికితీశారు. హైదరాబాదు ట్యాంక్‌బండుపై తెలుగు మహనీయుల విగ్రహాల నడుమ ఆయన విగ్రహం నిలిచింది. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషితో సి. పి. బ్రౌన్ పేర గ్రంథాలయం వెలసింది. ఒక్క మనిషి పట్టుదల మరొక మనిషి పట్టుదలకు ఎట్లు విత్తనమవుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఇక మన సంగతికి వద్దాము. ప్రవేశాల సమయంలో మా గదికి వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: ఈ రాష్ట్రంలో తెలుగు చదివితే ఏమి ఉపయోగం? ఆ ప్రశ్నను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. బిడ్డ భవిష్యత్తు గూర్చి తల్లి అడగక మరెవ్వరు అడుగుతారు? మనం నివసించే రాష్ట్రభాష తమిళం. 2006లో వచ్చిన చట్టంతో అది మన పిల్లలకు తప్పనిసరి పాఠ్యవిషయమయింది. దానిని వారు చక్కగా నేర్వాలి. ఆంగ్లమూ కావాలి. అయితే ఒక భాష నేర్వడానికి మరొక భాషను విడిచిపెట్టవలసిన పని లేదు. బ్రౌన్ ఇంట అరబిక్, పారశీకం, హిందూస్తానీ ఒకదాని చోటు మరొకటి ఆక్రమించలేదు. ఒకటి నేర్చిన శ్రద్ధ మరొకదానికి మెట్టు అయింది.

మన ఇండ్లలో తెలుగు మాట ఇంకా ఉంది. తెలుగు వ్రాత సన్నగిల్లుతున్నది. అమ్మమ్మ పెట్టెలోని ఉత్తరం, తాతగారు వ్రాసిన ఇంటి లెక్కల పుస్తకం మనుమనికి గీతలుగా కనబడే రోజు వస్తే, ఆ ఇంటి జ్ఞాపకాలు ఆ పిల్లవానికి అందకుండా పోతాయి. బ్రౌన్ ఇతరుల తాళపత్రాల కోసం అప్పు చేశారు. మన ఇంటి కాగితాలను చదవగలిగే బిడ్డను తయారు చేసుకోవడానికి మనం అప్పు చేయనక్కరలేదు. రోజుకు అరగంట చాలు.

ఈ ప్లాటినం జూబిలీ సందర్భంగా పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. మీ ఇంటిలోని పెద్దలు వాడే మాటలు, వాణియార్ ఆయకట్టు రైతులు సేద్యంలో చెప్పుకొనే మాటలు, పెండ్లి పేరంటాల మాటలు, వంటింటి మాటలు, ఇతర ప్రాంతాల తెలుగువారికి తెలియనివి ఎన్నో ఉంటాయి. ఒక్కొక్కరు ఒక నోటు పుస్తకంలో ఇరవై మాటలు, వాటి అర్థాలతో, ఎవరి నోట విన్నారో వ్రాసి పాఠశాలకు పంపండి. తమిళం నుండి వచ్చిన మాట అయినా తీసివేయవద్దు. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు వాటిని అకారాది క్రమంలో పేర్చుతారు. మా తెలుగు పండితులు సరిచూస్తారు. పాపిరెడ్డిపట్టి తెలుగు పదకోశం ఒకటి మన పాఠశాల గ్రంథాలయంలో వెలుస్తుంది. వచ్చే విద్యాసంవత్సరం మొదటి దినానికి ఆ పుస్తకాలు మా కార్యాలయానికి చేరేటట్లు చూడవలసినదిగా కోరుతున్నాను. అందరికీ నా శుభాకాంక్షలు.